తొమ్మిదో నెంబరు జాగ

మ్యాచ్ అయినంక తెల్లారి
ఆరు కొట్టంగ గచ్చిబౌలి స్టేడియంల దిగుతం
ఏడుగురం ఆడోళ్లం.
లేసిన గడ్డిపెళ్లను మళ్ల కూసోవెట్టాలె,
గుంతల ఇంత ఇసుక పొయ్యాలె,
మడిమెతోటి అదమాలె.
ఎవలు యాడ ఉరికిండ్రో
పేపరోళ్ల కన్న ముందు మాకే ఎరుక.

జురాబ్ అట పేరు.
మా మేస్త్రి నోట్ల వడి జోరుబాబు అయిండు.
జార్జియాల ఏదో సముద్రపొడ్డు ఊరట,
ఏడాదిల సగం దినాలు వానేనట.
వచ్చిన్నాడు మెడల ఎంత లావు దండ!
ఫ్లైఓవర్ పక్కకు ఫ్లెక్సీ కట్టిండ్రు,
ఆయన మొకం, కింద బిర్యానీ హోటలు పేరు.
ఆరు మ్యాచులు. గోలు ఒక్కటి లేదు.
ఫ్లెక్సీ తాడు తెగి
గాలి వచ్చినప్పుడల్ల
తన చెంప తనే కొట్టుకుంటది.

గ్రౌండ్ల ఒకడు మలయాళంల అరుస్తడు,
ఒకడు మిజోల, ఒకడు బెంగాలీల,
కోచ్ ఇంగ్లీషు కోచ్‌కే ఎరుక.
ఈయన అందరి మూతులు సూస్తడు
సదువురానోళ్లు బస్టాండుల బోర్డులు సూసినట్టు.
ఆ సూపు నాకు తెల్సు.
నారాయణపేట కెల్లి వచ్చినేడు
మెహిదీపట్నంల నాలుగు బస్సులు పొయ్యేదాంక
నేను గట్లనే నిలవడ్డ.

స్టాండుల పోరగాండ్లు:
"పైసల్ వాపస్ ఇచ్చి పోరా!"
ఆ ముక్కకు అర్థం అడిగితె
దుబాసి పిలగాడు, పాపం,
"మంచిగ ఆడుమంటున్నరు" అని చెప్పిండు.
ఆయన చేతులెత్తి దండం పెట్టిండు.
ఇంక లొల్లి ఎక్కువైంది.

క్యాంటీన్ల పప్పు ముట్టడు, ఇడ్లీ ఇడిసిపెడ్తడు.
గోంగూర మాత్రం ఏలు నాకి
మళ్ల గిన్నె ముందుకు జరిపిండు.
ఈ ఊర్ల ఆయనకు తెల్సిన పులుపు
అదొక్కటే కావచ్చు.
పొద్దుగూకి స్ప్రింక్లర్లు తిరిగితె
బూట్లు ఇడిచి నడిమిట్ల నిలవడ్తడు, నోరు తెర్సి.
మేస్త్రి బంద్ చెయ్యవోతె
"ఇంకో అయిదు నిమిషాలు" అన్న నేను.
నీళ్ల బిల్లు నీ అయ్య కడ్తడా అన్నడు.

ఇగ అసలు ముచ్చట.
గోలు ముందట, కుడి పోలు దిక్కు,
ప్రతి మ్యాచ్ తెల్లారి ఒకటే జాగల గడ్డి లేసి ఉంటది.
పదమూడు మేకుల బూటు ఆయనదొక్కనిదే.
ఉరికొచ్చిన అడుగులు, ఆగిన అడుగులు,
పక్కకు బాల్ జారిన గీత మాత్రం లేదు.
ఆరు మ్యాచులు, ఆరు సార్లు, అదే గుంత.
కొండాపూర్ అడ్డ మీద
లారీ యాడ ఆగుతదో ఎరుకై
ముందుగాల పోయి నిలవడ్డోన్ని
డ్రైవర్ సూడకుంట పోతె ఎట్లుంటదో
మన్నుకు కూడ తెలుస్తది.

బార్కస్ కెల్లి ఒక ముసలాయన వస్తడు, అవద్ చావుష్,
ఒకప్పుడు లెఫ్ట్ ఔట్ ఆడిండట.
గుంత సూపెట్టిన. చానసేపు సూసి
"బందా లేట్ నై, బాల్ లేట్ హై" అన్నడు.
కోచ్‌కు చెప్పుమంటె నవ్విండు:
నన్నెవరు అడిగిండ్రమ్మ, నిన్నెవరు అడిగిండ్రు.

ఆ వారం ఆ గుంత నేను పూడ్వలే.
మేస్త్రి దినం కూలి కోసిండు.
ప్రాక్టీసుల మిజో పిలగాడు, రిన్మవియా,
కాలు మడతవడి తిట్టుకుంట కిందికి సూసిండు.
గుంతను సూసిండు. జురాబును సూసిండు.
ఏమనుకున్నడో నాకు తెల్వది.
శుక్రారం పొద్దుగాల పూడ్చిన.

శనివారం బాల్ వచ్చింది.
సరిగ్గ ఆడికే, సరిగ్గ అప్పుడే.
జురాబ్ తన్నిండు,
బాల్ పోయి లైట్ల కింద స్టాండుల వడ్డది.
జనం నవ్విండ్రు. ఈలలు. బూతులు.
ఆయన మాత్రం రిన్మవియా దిక్కు తిరిగి
రెండు చేతులు తల మీద పెట్టుకొని నవ్విండు.
ఈడికొచ్చినంక మొదటిసారి పండ్లు కనవడ్డయి.

తెల్లారి పోయి సూసిన.
మేకుల గుర్తుల పక్కపొంటి
ఇంత పొడుగు గీత, తడి తడిగ.
ఎల్లమ్మక్క ఇసుక బకీటు తెచ్చింది.
ముందుగాల కార్నర్ దిక్కు పోదాం పా అన్న.